అడిగి తాకే చోటు: ఒక తల్లిపాల సహాయ కేంద్రం గురించి

బిడ్డకు పాలివ్వడంలో ఇబ్బంది పడే తల్లుల కోసం ఒక ఆసుపత్రికి అనుబంధంగా నడుస్తున్న సహాయ కేంద్రానికి ఆరు వారాల్లో నాలుగుసార్లు వెళ్లాను. మంచితో పాటు లోపాలూ చెప్పదలచుకున్నాను కనుక దాని పేరు రాయడం లేదు. ఇలాంటి సేవను వెతుక్కునే తల్లి అక్కడ ఏమేమి చూసుకోవాలో తెలియజేయడమే నా ఉద్దేశం.

అక్కడికి ఎందుకు వెళ్లవలసి వచ్చిందో ముందు చెప్పాలి. ఒక రాత్రి, ఒక పగలు నొప్పులు పడ్డాక నాకు అత్యవసరంగా ఆపరేషన్ చేశారు. అది వేరే ఆసుపత్రి. మత్తు పూర్తిగా దిగకముందే ఒక సిస్టర్ వచ్చి, ఒక్క మాటైనా చెప్పకుండా ఒక చేత్తో నా రొమ్మును, మరో చేత్తో పాప తలను పట్టుకుని రెండింటినీ దగ్గరికి నొక్కారు. ఆమెకు దురుద్దేశం లేదు. బిడ్డ ఎంత త్వరగా పాలు అందుకుంటే అంత మంచిదన్న తొందర ఆమెది. తల్లిపాలకు తోడ్పడటానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి 1989లో ప్రకటించి 2018లో సవరించిన పది సూత్రాల పట్టిక ఆ వార్డు గోడకే ఉంది. అయితే చిన్నతనంలో నాకు జరిగినదాన్ని, ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పనిదాన్ని, ఆ పట్టు ఒక్క క్షణంలో నా ఒంట్లోకి తిరిగి తెచ్చింది. ఆ తర్వాత పాపను దగ్గరికి తెచ్చిన ప్రతిసారీ భుజాలు బిగుసుకుపోయేవి, ఊపిరి అందేది కాదు. "ఏమ్మా, బిడ్డ మీద ప్రేమ లేదా?" అని ఒకరు, "మీ వాళ్లంతా ఇంతే కదా" అని మరొకరు అన్నారు. ఆరో రోజున ఈ కేంద్రానికి వచ్చాను.

ఇక్కడి సలహాదారు నాకంటే ఎత్తు తక్కువ స్టూలు మీద, నాకూ తలుపుకూ మధ్య అడ్డు రాకుండా కూర్చున్నారు. చేతులు ఒడిలో పెట్టుకుని, "గదిలో ఇంకెవరు ఉండాలో మీరే చెప్పండి, మధ్యలో మనసు మారినా ఫరవాలేదు" అన్నారు. ఆమె దగ్గర ఒక గుడ్డబొమ్మ, ఊలుతో అల్లిన రొమ్ము నమూనా ఉన్నాయి. బిడ్డ ముక్కు చనుమొనకు ఎదురుగా వచ్చేలా పట్టుకోవడం, నోరు బాగా తెరిచేదాకా ఆగడం, గడ్డం ముందు ఆనేలా దగ్గరికి తీసుకోవడం ఆ బొమ్మతోనే చూపించారు. నేను పాపతో, నా చేతులతో, అదే చేశాను. "పాప నోరు ఎలా పట్టిందో కాస్త వంగి చూడనా?" అని అడిగి చూశారు. రెండోసారి వంగేముందు మళ్లీ అడిగారు. మూడోసారి నేను వద్దన్నాను. ఆమె "సరే" అని స్టూలు వెనక్కి జరుపుకుని, ముఖంలో ఏ మార్పూ లేకుండా మాటలతోనే చెప్పడం మొదలుపెట్టారు. ఆ "సరే" చేసినంత మేలు మరే సలహా చేయలేదనే ఇప్పటికీ అనుకుంటున్నాను.

పాలు పడలేదని కాదు, చేపుకు రావడం లేదని ఆమె చెప్పారు. చేపు అన్న మాట అమ్మమ్మ నోట విన్నదే గాని, అది ఎలా జరుగుతుందో నాకు అప్పుడే తెలిసింది. బిడ్డ చీకినప్పుడు తల్లి మెదడు నుంచి విడుదలయ్యే ఆక్సిటోసిన్ అనే హార్మోను రొమ్ములోని సన్నని కండర కణాలను బిగించి పాలను చనుమొన వైపు తోస్తుంది. భయం, నొప్పి ఆ విడుదలకే అడ్డుపడతాయి. కాన్పు కష్టమైనప్పుడు, ముఖ్యంగా అత్యవసరంగా ఆపరేషన్ అయినప్పుడు, పాలు పడటం కూడా ఆలస్యం కావచ్చు. ఇదంతా విన్నాక, నా ఒళ్లు నన్ను మోసం చేయలేదని, తనను తాను కాచుకుంటోందని అర్థమైంది.

మా ఇంటి పద్ధతుల విషయంలో ఆమె తీరును ప్రత్యేకంగా చెప్పాలి. ఏ సమాజం వారు ఏం పాటిస్తారో రాసిపెట్టుకున్న జాబితా చూసి మాట్లాడే చోట్లు ఉన్నాయి; మొదటి ఆసుపత్రిలో విన్న మాట అలాంటిదే. ఈమె మాత్రం, "ఈ రోజుల్లో బాలింత ఎలా ఉండాలని మీ ఇంట్లో అనుకుంటారు? అందులో మీకు ఏది కావాలి, ఏది వద్దు?" అని అడిగారు. ఆ రెండో ప్రశ్నను అప్పటిదాకా మా ఇంట్లోవాళ్లు కూడా అడగలేదు. అందించిన సంరక్షణ భద్రంగా ఉందో లేదో చెప్పవలసింది దాన్ని పొందినవారే అన్నది, న్యూజిలాండ్‌లో మావోరీ నర్సు ఇరిహాపెటి రామ్స్‌డెన్ రూపొందించిన సాంస్కృతిక భద్రత భావనలో కీలకమైన మాట. ఆ సంగతి తర్వాత చదివి తెలుసుకున్నానుగాని, దాని రుచి ఆ గదిలోనే తెలిసింది.

రెండోసారి నా ఇష్టం మీదనే అత్తయ్యగారిని లోపలికి పిలిచారు. అప్పటిదాకా ఆవిడ "పాలు చాలడం లేదు, డబ్బాపాలు పట్టండి" అంటూ ఉన్నారు. సలహాదారు ఆవిడను తప్పుపట్టలేదు. "అమ్మా, మీ పిల్లలప్పుడు మీకు ఎలా ఉండేది?" అని అడిగి, చెప్పినంతసేపూ విన్నారు. ఆ తర్వాత, పాలు చాలుతున్నాయా లేదా తెలుసుకునే గుర్తులను ఆవిడకే అప్పగించారు: బిడ్డ రోజుకు 8 నుంచి 12 సార్లు తాగాలి, అయిదో రోజు దాటాక కనీసం ఆరు గుడ్డలు తడపాలి, రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకు చేరుకోవాలి. మర్నాటి నుంచి తడిగుడ్డల లెక్క అత్తయ్యగారిదే. చాలడం లేదన్న మాట మళ్లీ వినపడలేదు.

వెనక్కి వాలి పాపను గుండెల మీద పడుకోబెట్టుకునే పద్ధతి చాలామందికి హాయిగా ఉంటుంది. నాకు మాత్రం ఒంటి మీద బరువు పడగానే పాత భయం వచ్చేది, కనుక నిటారుగా కూర్చుని పట్టడం నేర్పారు. రాత్రిపూట దీపం వేసి ఉంచాలనీ, నన్ను తట్టి కాకుండా పేరు పెట్టి పిలిచి లేపాలనీ మా ఆయనకు చెప్పారు. అప్పటికీ రాత్రి వేళ రొమ్ము ఇవ్వలేకపోతే, పాల ఉత్పత్తికి తోడ్పడే ప్రొలాక్టిన్ రాత్రుళ్లే ఎక్కువగా ఉంటుంది కనుక, ఆ సమయంలో పాలు పిండి చిన్న కప్పుతో పట్టవచ్చన్నారు. పూర్తిగా మానేయాలనుకున్నా చెప్పమన్నారు. రొమ్ములు గడ్డకట్టకుండా మెల్లగా ఎలా మాన్పించాలో దానికీ సాయం చేస్తామన్నారు. మానేసే దారి తెరిచి ఉందని తెలిశాకే నాకు కొనసాగించే ఓపిక వచ్చింది.

మూడోసారి వెళ్లినప్పుడు నా దిగులు గురించి అడిగారు. చేపు వచ్చే ముందు ముంచుకొచ్చి కొన్ని నిమిషాల్లో పోయే దిగులు కొందరు తల్లులకు శరీరధర్మంగానే వస్తుందట. రోజంతా ఉండి, రెండు వారాలు దాటినా వదలనిదానికి మాత్రం వైద్యం అవసరం. నాది రెండోదని తేలాక, నేను సరేనన్న తర్వాతే మానసిక వైద్యురాలికి చీటీ రాశారు.

ఇక లోపాలు. "గతంలో వేధింపులకు గురయ్యారా?" అన్న ప్రశ్న ఉన్న ఫారాన్ని కౌంటరు దగ్గర, పక్కన నలుగురు నిలబడి ఉండగా నింపమంటారు. ఖాళీగా వదిలేశాను. మనసుకు గాయమైనవారి సంరక్షణకు అమెరికా ప్రభుత్వ సంస్థ సామ్సా 2014లో ప్రకటించిన ఆరు సూత్రాల్లో మొదటిదే భద్రత. లోపలి గదిలో అంత బాగా పాటించినదాన్ని గుమ్మం దగ్గరే వదిలేశారు. మూడోసారి మొదట నన్ను చూసినవారు వేరే సలహాదారు. ఆమె పాత నోట్సు చదవకుండా నా కథ మొదటి నుంచి చెప్పమన్నారు. నేను చెప్పలేక కూర్చుండిపోతే అప్పుడు పాత సలహాదారును పిలిపించారు. అన్నిటికన్నా బాధపెట్టింది వేచి ఉండే గదిలో కనిపించింది: ఇక్కడి భాష రాని ఒక తల్లికి, పదేళ్ల పెద్దకూతురు చనుమొనల పగుళ్ల గురించి నర్సుకు అనువదించి చెబుతోంది. ఆ పని పసిపిల్లది కాదు. దుబాసీని ఏర్పాటు చేయడం కేంద్రం బాధ్యత, అది ఇవ్వవలసిన మొదటి సాయం కూడా.

కాన్పుకు ముందు ఇక్కడ అపాయింట్‌మెంట్ ఇవ్వరు. గర్భంతో ఉన్నప్పటి నుంచి కనీసం ఆరుసార్లు తల్లికి ఈ సలహా అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకంలో ఉంది. ఒక్కసారి ముందుగా ఎవరైనా అడిగి ఉంటే, "అడగకుండా తాకవద్దు" అని నా కాగితాల మీద రాయించుకుని ఉండేదాన్ని.

ఈ లోపాలున్నా, నాలాంటి తల్లులను ఇక్కడికే వెళ్లమని చెబుతాను. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ప్రతిసారీ ఒకే సలహాదారు కావాలని అడగండి, ఫారంలో ఆ ప్రశ్నను వదిలేయండి. జ్వరంతో పాటు రొమ్ము ఎర్రబడి నొప్పి పుడితే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి. మా పాపకు ఇప్పుడు తొమ్మిది వారాలు. పగలు రొమ్ము దగ్గర తాగుతుంది, రాత్రి పిండిన పాలు వాళ్ల నాన్న పడతారు.