‘ట్విస్టర్స్’ చూశాక పాత ‘ట్విస్టర్’ చూడాలా?

చెన్నైలో మనకు తుఫాను కొత్త కాదు. 2016లో వర్దా, 2023లో మిచాంగ్ చూశాం. కానీ తుఫానుకు ముందే హెచ్చరిక వస్తుంది, అమెరికాలోని ఓక్లహోమాలో వచ్చే టోర్నడోకు, అంటే భారీ సుడిగాలికి, నిమిషాలే టైమ్. ఈ రెండు హాలీవుడ్ సినిమాల టెన్షనూ అక్కడిదే.

కథ: 1996 సినిమాలో విడాకుల కాగితాలపై సంతకం కోసం వచ్చిన భర్త మళ్లీ సుడిగాలి వెంట పడతాడు. భార్యాభర్తలు కొట్లాడుకుంటూనే, సుడిని కొలిచే డొరోతీ అనే పరికరాన్ని సుడిలోకి పంపడానికి పరుగులు తీస్తారు. ఆ జంట గొడవే నాకు గాలికంటే ఎక్కువ నచ్చింది. 2024 సినిమాలో పాత్రలన్నీ కొత్తవి, పాతది చూడకున్నా అర్థమవుతుంది. సుడిని కొలవడమే కాదు, ఆపాలనుకుంటారు. సైన్స్‌గా అది కాస్త ఎక్కువే!

గ్రాఫిక్స్: కొత్తదే మెరుగు. పాతదాంట్లో ఎగిరే ఆవు ఇప్పటికీ నవ్విస్తుంది.

నిడివి: రెండూ రెండు గంటలకు అటూ ఇటూ.

పిల్లలతో ఆదివారం మధ్యాహ్నమైతే కొత్తది పెట్టండి. కరెంటు పోకుండా ఉన్న వానరాత్రి, ఇద్దరే ఉంటే పాతది. రెండూ చూడాలనుకుంటే పాతది ముందు.