శ్రీకాకుళంలో కంప్యూటర్ రిపేర్: కొత్త డిస్క్ అమ్మకుండా కేబుల్ మార్చి పంపిన షాపు

ఏడు రోడ్ల జంక్షన్ నుంచి లోపలికి వెళ్తే మేడ మీద చిన్న షాపండి, బోర్డు కూడా సరిగ్గా కనపడదు. నేను పలాసలో జీడిపప్పు మిల్లులో లెక్కలు చూస్తాను. మా సిస్టమ్ ఉబుంటు, అంటే విండోస్ బదులు వాడే లినక్స్‌లో ఒక రకం, బిల్లింగ్ ప్రోగ్రాం వెనకాల లెక్కలన్నీ దాచే డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 10, పెట్టిన దగ్గర్నుంచి ఎవరూ అప్‌డేట్ చెయ్యలేదు. మొన్నామధ్య కరెంటు పోయి సిస్టమ్ మళ్లీ ఆన్ చేస్తే, పిక్కలు ఒలిచే ఆడవాళ్ల కూలి ఎంట్రీలు అక్కడక్కడ మాయం. ముందురోజు సాయంత్రం స్క్రీన్ మీద నా కళ్లతో చూశానండి, సేవ్ అయ్యిందనే చెప్పింది కూడా. ఊళ్లో ఒక షాపులో చూపిస్తే డిస్క్ పోయింది కొత్తది వేయించుకోమన్నారు, ఎందుకు పోయిందో మాత్రం చెప్పలేదు, నాకు మనసొప్పక బాక్స్ పట్టుకుని శ్రీకాకుళం బస్సెక్కేశాను.

ఈ షాపాయన ముందు స్మార్ట్ రిపోర్ట్ తీశాడు, డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క అది. పాడైన సెక్టార్ల, అంటే డిస్క్‌లో చెడిపోయిన చోట్ల, లెక్క సున్నా, కానీ 199 నంబర్ దగ్గర సీఆర్‌సీ ఎర్రర్లు, అంటే డేటా దారిలో చెడిపోయిన సార్లు, బోల్డు. "డిస్క్ బాగానే ఉంది బాబూ, దారి బాగోలేదు" అని డిస్క్‌ని బోర్డుకి కలిపే సాటా కేబుల్ పీకి చూపించాడు, కొనలో క్లిప్పు విరిగిపోయి వదులుగా ఉంది.

మరి డిస్క్‌లో పడకపోతే ప్రోగ్రాం ఎందుకు ఊరుకుంది అని అడిగాను, దానికి ఆయన కూర్చోబెట్టి చెప్పాడండి. ప్రోగ్రాం రాయమనగానే లినక్స్ ఆ డేటాని మెమరీలో పెట్టుకుని సరే అనేస్తుంది, డిస్క్ మీదకి తర్వాత తీరిగ్గా, మామూలుగా ఓ 30 సెకన్లు దాటాక పంపుతుంది. మా మిల్లులో తూకం చీటీ గుమస్తా చేతికిస్తే "ఆఁ రాసేస్తాను" అని బల్లమీద పెట్టుకుంటాడు చూడండి, అలాగన్నమాట. నిజంగా రాశావా అని గట్టిగా అడగాలంటే ఎఫ్‌సింక్ అని ఒక పిలుపుంది, రాత ఫెయిలైతే అప్పుడే ఎర్రర్ బయటికొస్తుంది. అసలు చిక్కు ఆ తర్వాతేనట. ఎర్రర్ ఒకసారి చెప్పేసి లినక్స్ మెమరీలోని ఆ పేజీని, అంటే ఆ డేటా ముక్కని, రాసేసినట్టు గుర్తు పెట్టేస్తుంది, పోస్ట్‌గ్రెస్ ఏమో మళ్లీ ఎఫ్‌సింక్ అడుగుతుంది, ఈసారి రాయాల్సింది ఏమీ మిగల్లేదు కాబట్టి ఓకే అని జవాబు, దాంతో పోస్ట్‌గ్రెస్ అంతా క్షేమం అనుకుని, మార్పులన్నీ ముందుగా రాసుకునే తన చిట్టా లాగ్‌లో పాత భాగం వదిలేస్తుంది. మెమరీలో ఉన్నంతసేపు ఎంట్రీ కనిపిస్తూనే ఉంటుంది, రీస్టార్ట్ అయ్యాక డిస్క్ మీదున్న పాత పేజీ వస్తుంది. పోస్ట్‌గ్రెస్ ఎర్రర్లూ మెసేజీలూ రాసే వేరే ఫైల్ తెరిచి వేలు పెట్టి చూపించాడు, ఎఫ్‌సింక్ కుదరలేదు, ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్ అని ఒకే ఒక్క లైను, దాని కిందే చెక్‌పాయింట్, అంటే అప్పటిదాకా ఉన్నదంతా డిస్క్‌కి చేర్చే పని, పూర్తయ్యింది అని. నాకు ఒళ్లు జలదరించిందండి, కూలోళ్ల డబ్బులు కదా అవి.

ఈ గొడవ 2018లో పోస్ట్‌గ్రెస్ వాళ్లకి బయటపడిందట, 2019 ఫిబ్రవరిలో 11.2, 10.7 లాంటి అప్‌డేట్లలో సరిచేశారు. ఇప్పుడు ఎఫ్‌సింక్ ఫెయిలైతే మళ్లీ అడక్కుండా పోస్ట్‌గ్రెస్ తనంతట తానే ఆగిపోయి ఆ చిట్టా లాగ్ నుంచి డేటా తిరిగి కట్టుకుంటుంది. మాకూ పోస్ట్‌గ్రెస్ 10లో ఆఖరి అప్‌డేట్ వేసిచ్చాడు. హఠాత్తుగా ఆగితే కంగారుపడకండి, తప్పుడు లెక్క చూపించే కంటే ఆగడమే నయం అన్నాడు, నేనూ అదే అంటాను. పోయిన ఎంట్రీలు మాత్రం తెప్పించలేనని ముందే చెప్పేశాడు, చీటీలు ఉన్నాయి కాబట్టి రెండు రాత్రులు కూర్చుని మళ్లీ ఎక్కించాం.

కేబుల్ 150, సర్వీసు 600, అంతే తీసుకున్నాడు. డిస్క్ అమ్మితే ఆయనకి ఎంతో మిగిలేది కదా! ఇబ్బందులు లేవని కాదు, మూడు రోజులు పట్టింది, ఫోన్ ఎత్తడు, కూర్చోడానికి ఒకటే స్టూలు, మెట్లు నిటారుగా ఉంటాయి బరువు మొయ్యడం కష్టం. బాక్స్ ఒక్కటే తీసుకెళ్లండి, మానిటర్ అక్కర్లేదు, పొద్దున్న వెళ్తే ఖాళీగా ఉంటాడు, ఏదడిగినా విసుక్కోకుండా చెప్తాడు.