పట్టు రంగునీటికి ఏది మేలు: అరటితొక్క జింకా, టీపొడి ఇనుమా?

బరంపురం పట్టు అద్దకాల్లో మిగిలే రంగునీటిని ఇంటి వ్యర్థాలతో చేసిన నానోకణాలతో (కంటికి కనబడనంత సూక్ష్మ రేణువులతో) శుద్ధి చేయవచ్చు. అరటితొక్క కషాయంతో తయారైన జింక్ ఆక్సైడ్ కణాలు రంగు అణువులను ముక్కలు చేస్తాయి గాని, వాటికి కావలసిన అతినీలలోహిత కిరణాలు ఎండలో సుమారు 5 శాతమే. వాడిన టీపొడిని మరిగించి, ఆ డికాక్షన్‌ను ఇనుప లవణ ద్రావణంలో పోస్తే అది వెంటనే నల్లబడి, ఇనుము, టీలోని పాలీఫినాల్ అనే పదార్థాలు కలిసిన నానోకణాలు ఏర్పడతాయి. హైడ్రోజన్ పెరాక్సైడ్ తోడైతే ఇవి చీకట్లోనూ పనిచేస్తాయి. పట్టుకు ఎక్కువగా ఆమ్ల రంగులే వాడతారు కనుక, ఆ నీటి పులుపుకు జింక్ ఆక్సైడ్ కరిగి చేపలకు హాని చేసే జింక్‌ను వదులుతుంది. ఇనుముకు మాత్రం పీహెచ్ 3 దగ్గరే, అంటే నీరు బాగా పుల్లగా ఉన్నప్పుడే, బలం ఎక్కువ. అందుకే నా మొగ్గు టీపొడి వైపే. పెరాక్సైడ్ ఖర్చు తప్పదు. చివర నీటి పులుపు విరిగి ఇనుము అడుగుకు దిగేలా సున్నం వేసి, పేరుకున్న ఇనుప మడ్డిని కాలువలో కలవకుండా వేరు చేయాలి.