పైకెళ్లి స్టార్‌ను తెచ్చుకోవడమా, పిక్స్ ఉంచుకోవడమా: ఏది మేలు?

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో జట్లు కాలేజీ కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునే ‘డ్రాఫ్ట్’ ఏప్రిల్‌లో దగ్గరికొచ్చిందంటే, డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో మా శనివారం క్రికెట్ బ్యాచ్‌లో ఎవరో ఒకరు ఈ మాట ఎత్తుతారు. “రెండు ఫస్ట్ రౌండ్ పిక్స్ పోతే పోనీ అన్నా, పైకెళ్లి ఆ కుర్రాణ్ణి పట్టుకొచ్చేస్తే అయిపోతుంది కదా?” వెంటనే ఒకరు అలా వచ్చి గెలిపించిన ప్యాట్రిక్ మహోమ్స్ పేరు చెబుతారు, ఇంకొకరు అలా వచ్చి నిలబడని ట్రే లాన్స్ పేరు చెబుతారు. రెండూ నిజాలే కాబట్టి వాదన తేలదు. ఇంటికెళ్లాక కూడా మెసేజ్‌లు ఆగవు. అందుకే ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో ఈ రెండు దారుల గురించి నేను ఏమనుకుంటున్నానో ఒకచోట రాసి పెడుతున్నాను. పిక్ అంటే ఒక ఆటగాణ్ణి ఎంచుకునే వంతు; పోయిన సీజన్‌లో వెనకబడ్డ జట్టుకు ముందు వంతు వస్తుంది. పైకెళ్లడమంటే మన వంతులు వేరే జట్టుకు ఇచ్చి, ఇంకా ముందు వంతు తీసుకోవడం.

పైకెళ్లాలి అనేవాళ్లకు 2017 పెద్ద బలం. కాన్సస్ సిటీ జట్టు 27వ పిక్ నుంచి 10వ పిక్‌కి వెళ్లింది. బదులుగా బఫెలోకి ఆ 27వ పిక్, ఒక థర్డ్ రౌండ్ పిక్, 2018 ఫస్ట్ రౌండ్ పిక్ ఇచ్చింది. దొరికినవాడు క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపే ఆటగాడు) మహోమ్స్. ఇప్పటికి అతనితో మూడు సూపర్ బౌల్స్ (లీగ్ ఫైనల్స్) గెలిచారు. మరుసటి ఏడాది బఫెలో కూడా అదే పని చేసింది. రెండు సెకండ్ రౌండ్ పిక్స్ టాంపా బేకి ఇచ్చి 12 నుంచి 7కి వెళ్లి క్వార్టర్‌బ్యాక్ జాష్ ఆలెన్‌ను తీసుకుంది. అప్పట్లో రెండింటి ధరా ఎక్కువే అనిపించింది. ఈ రోజు దానికి మూడింతలు అడిగినా ఆ జట్లు కాదనవు.

దీని వెనక డబ్బు లెక్క కూడా ఉంది. 2010లో నంబర్ 1గా వచ్చిన శామ్ బ్రాడ్‌ఫర్డ్ కాంట్రాక్ట్ ఆరేళ్లకు 78 మిలియన్ డాలర్లు. మరుసటి ఏడాది డ్రాఫ్ట్‌లో వచ్చే కొత్త ఆటగాళ్ల జీతాలకు పరిమితి పెట్టే నిబంధనలు వచ్చాయి. అదే నంబర్ 1 స్థానంలో కామ్ న్యూటన్‌కు నాలుగేళ్లకు 22 మిలియన్లు మాత్రమే దక్కాయి. అంటే మంచి క్వార్టర్‌బ్యాక్ కుదిరితే, అతనికి పెద్ద కాంట్రాక్ట్ ఇవ్వాల్సి వచ్చేలోపు సాలరీ క్యాప్ (జట్టు మొత్తం జీతాలకు పెట్టిన పరిమితి)లో మిగిలిన డబ్బుతో చుట్టూ జట్టును కట్టుకోవచ్చు. పైకెళ్లడానికి ఇంతకంటే మంచి కారణం లేదు. క్వార్టర్‌బ్యాక్ కాని ఆటగాడి విషయంలో ఈ లెక్కకు సగం బలం కూడా ఉండదు.

ఇక పిక్స్ ఉంచుకోవాలి అనేవాళ్ల వైపు చూద్దాం. కేడ్ మాసీ, రిచర్డ్ థేలర్ ఈ డ్రాఫ్ట్ మీద చాలా ఏళ్ల సమాచారం తీసి పరిశోధన చేశారు. ఈ థేలర్‌కే 2017లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. వాళ్లు తేల్చిన వాటిలో నన్ను బాగా ఆపేసింది ఒకటుంది. ఒక పొజిషన్‌లో ముందు తీసుకున్న ఆటగాడు, అదే పొజిషన్‌లో అతని వెంటనే తీసుకున్నవాడి కంటే మెరుగ్గా నిలిచే అవకాశం సుమారు 52 శాతం. బొమ్మా బొరుసూ కంటే కొంచెం ఎక్కువ, అంతే. స్కౌట్లు, వీడియోలు, ఇంటర్వ్యూలు, పరుగు పందేలు అన్నీ అయ్యాక కూడా ఇంతే తేడా ఉంటే, ‘మాకు తప్పకుండా ఈ కుర్రాడే కావాలి’ అనే ధీమాకు అంత ధర ఎందుకు పెట్టాలి? ఆ ధరతో నాలుగు సార్లు ఎంచుకునే అవకాశం వస్తుంది కదా?

అయితే పిక్స్ ఉన్నంత మాత్రాన జట్టు తయారైపోదు. 2011లో అట్లాంటా 27 నుంచి 6కి వెళ్లి రిసీవర్ (విసిరిన బంతిని అందుకునే ఆటగాడు) హూలియో జోన్స్‌ను తీసుకుంది. క్లీవ్‌లండ్ చేతికి ఐదు పిక్స్ వచ్చాయి, అందులో రెండు ఫస్ట్ రౌండ్‌వి. వాటి నుంచి ఫిల్ టేలర్, గ్రెగ్ లిటిల్, బ్రాండన్ వీడెన్ వచ్చారు. 2015 సీజన్ మొదలయ్యేసరికి ఆ ముగ్గురిలో ఒక్కరూ ఆ జట్టులో లేరు. హూలియో మాత్రం అట్లాంటాకు ఏళ్ల తరబడి ఆడాడు, 2016 సీజన్‌లో జట్టు సూపర్ బౌల్ దాకా వెళ్లింది. పిక్స్ ఉంచుకోమని చెప్పే నాలాంటివాళ్లు ఈ ట్రేడ్‌ను దాచకూడదు.

మరి తేడా ఎక్కడొస్తుంది? చాలామంది ‘కుర్రాడు ఎలాంటివాడు’ అన్న దగ్గరే ఆగుతారు. నేను చూసేది ఇంకొకటి. ఇచ్చేస్తున్న వచ్చే ఏడాది ఫస్ట్ రౌండ్ పిక్, చివరికి ఎన్నో నంబర్ అవుతుంది?

ఈ ఏడాది పిక్ నంబర్ మనకు తెలుసు. వచ్చే ఏడాదిది తెలియదు. ఊళ్లలో రాబోయే పంట చూపించి అప్పు తెచ్చుకుంటారు చూడండి, ఇదీ అంతే. పంట పండితే ఆ అప్పు పెద్ద లెక్కలోకి రాదు. పంట పోయిన ఏడాదే అది బరువెక్కుతుంది. మన జట్టు బాగా ఆడితే ఇచ్చేసిన పిక్ ఎక్కడో చివర్లో పడుతుంది. కుప్పకూలితే అదే నంబర్ 1 అవుతుంది. మన డాలస్ కౌబాయ్స్‌కు జిమ్మీ జాన్సన్ కోచ్‌గా ఉన్న రోజుల్లో తయారైన విలువల పట్టికలో మొదటి పిక్‌కు 3000 పాయింట్లు, 32వ పిక్‌కు 590. ‘ఒక ఫస్ట్ రౌండ్ పిక్ ఇచ్చాం’ అనే ఒక్క మాటలో ఇంత తేడా దాగుంది.

క్యారొలైనా సంగతి చూడండి. 2022లో 7-10 (7 గెలుపులు, 10 ఓటములు)తో ముగించిన జట్టు. 2023లో 9 నుంచి 1కి వెళ్లి బ్రైస్ యంగ్‌ను తీసుకుంది. అందుకోసం షికాగోకి 9, 61 పిక్స్, 2024 ఫస్ట్ రౌండ్, 2025 సెకండ్ రౌండ్, వాటితోపాటు తమ దగ్గరున్న మంచి రిసీవర్ డీజే మూర్‌ను ఇచ్చింది. ఇక్కడ నాకు నిజంగా బాధనిపిస్తుంది. కొత్త క్వార్టర్‌బ్యాక్ బంతి వేయాల్సిన మనిషినే ముందు పంపించేశారు. ఆ సీజన్ 2-15. ఇచ్చేసిన 2024 పిక్ నంబర్ 1 అయింది, దాంతో షికాగో కేలబ్ విలియమ్స్‌ను తీసుకుంది. యంగ్‌ను ఆ తర్వాతి సీజన్‌లో రెండు మ్యాచ్‌లకే బెంచ్ మీద కూర్చోబెట్టారు. ఆ కుర్రాడిలో ప్రతిభ లేదని నేను అనను. అంత ఖాళీ జట్టులో ఎవరొచ్చినా అదే అయ్యేది. అందుకే బలహీనమైన జట్టు పైకెళ్లకూడదంటాను.

అదే డ్రాఫ్ట్‌లో హ్యూస్టన్ ఇంకా దారుణమైన స్థితి నుంచి వచ్చింది, 2022లో 3-13-1 (చివరి 1 డ్రా). నంబర్ 2తో క్వార్టర్‌బ్యాక్ సీజే స్ట్రౌడ్‌ను తీసుకుని, వెంటనే 12 నుంచి 3కి ఎగబాకి డిఫెన్స్ ఆటగాడు విల్ ఆండర్సన్‌ను కూడా తెచ్చుకుంది. ఆరిజోనాకి 33వ పిక్, 2024 ఫస్ట్, థర్డ్ రౌండ్ పిక్స్ వెళ్లాయి. ఆ సీజన్ 10-7తో ముగిసింది, ఇచ్చిన పిక్ 27వ నంబర్‌గా తేలింది. స్ట్రౌడ్, ఆండర్సన్ ఇద్దరూ రూకీ ఆఫ్ ద ఇయర్ (ఆ ఏడాది మేటి కొత్త ఆటగాడు) అవార్డులు అందుకున్నారు. బలహీనమైన జట్టు పైకెళ్లకూడదు అనే నా మాటకు ఇది ఎదురు కదా అంటారు. కానీ డెషాన్ వాట్సన్ ట్రేడ్ వల్ల క్లీవ్‌లండ్ 2024 ఫస్ట్ రౌండ్ పిక్ కూడా హ్యూస్టన్ దగ్గరే ఉంది. సొంతది ఎంత పైకి తేలినా ఆ ఏడాది చేతులు ఖాళీ అయ్యేవి కావు. పైకెళ్తే అలా వెళ్లాలి.

ట్రే లాన్స్ కథను కూడా ఇదే కోణంలో చూడండి. 2021లో శాన్ ఫ్రాన్సిస్కో 12 నుంచి 3కి వెళ్తూ 12వ పిక్‌తోపాటు 2022, 2023 ఫస్ట్ రౌండ్ పిక్స్, ఒక థర్డ్ రౌండ్ పిక్ మయామీకి ఇచ్చింది. క్వార్టర్‌బ్యాక్‌గా లాన్స్ వాళ్లకు నాలుగు మ్యాచ్‌లే స్టార్ట్ చేశాడు. చివరికి 2023లో ఒక ఫోర్త్ రౌండ్ పిక్‌కు మన డాలస్‌కే ఇచ్చేశారు. ఇంత పెద్ద తప్పు ఇంకో జట్టును పదేళ్లు వెనక్కి నెట్టేది. వీళ్లు తట్టుకున్నారు, ఎందుకంటే ఇచ్చిన రెండు పిక్సూ 29వ నంబర్‌లే అయ్యాయి. జట్టు అప్పటికే గట్టిది. 2022లో చిట్టచివరి పిక్, 262తో వచ్చిన బ్రాక్ పర్డీ ఆ జట్టునే సూపర్ బౌల్‌కు తీసుకెళ్లాడు. మహోమ్స్ విషయంలోనూ అంతే. 2016లో కాన్సస్ సిటీ 12-4, క్వార్టర్‌బ్యాక్‌గా అలెక్స్ స్మిత్ ఉన్నాడు, కుర్రాడు దాదాపు ఏడాదంతా పక్కన కూర్చుని నేర్చుకున్నాడు. ఇచ్చిన 2018 పిక్ 22కి వెళ్లింది.

దీనికి పూర్తి ఎదురు వాషింగ్టన్. 2012లో క్వార్టర్‌బ్యాక్ రాబర్ట్ గ్రిఫిన్ కోసం 6వ పిక్, సెకండ్ రౌండ్ పిక్, తర్వాతి రెండేళ్ల ఫస్ట్ రౌండ్ పిక్స్ రామ్స్ జట్టుకు ఇచ్చింది. మొదటి ఏడాది అద్భుతం. తర్వాత మోకాలి గాయం, 2013లో 3-13. ఇచ్చినవాటిలో ఆఖరి పిక్ నంబర్ 2 అయి రామ్స్ చేతికి వెళ్లింది. 2014 డిసెంబర్‌లో రెండు జట్లూ తలపడ్డప్పుడు, ఆ పిక్స్‌తో వచ్చినవాళ్లలో ఆరుగురిని రామ్స్ టాస్‌కు కెప్టెన్లుగా పంపింది, 24-0తో గెలిచింది. ఆ నంబర్ 2తో తీసుకున్న గ్రెగ్ రాబిన్సన్ మాత్రం నిలబడలేదు. అన్ని పిక్స్ ఉన్నా ఆ ఏళ్లలో రామ్స్ ఒక్కసారి కూడా ఓటముల కంటే ఎక్కువ గెలుపులతో సీజన్ ముగించలేదు.

ఇంకో రెండు దారులు కూడా అడుగుతుంటారు. వెనక్కి జరిగి పిక్స్ పెంచుకోవడం: తప్పు లేదు, మంచి స్కౌట్లు ఉంటే. పిక్స్ ఇచ్చి పేరున్న ఆటగాళ్లను కొనడం: రామ్స్ 2017 నుంచి 2023 వరకు ఫస్ట్ రౌండ్‌లో ఎవరినీ తీసుకోకుండానే 2021 సీజన్ సూపర్ బౌల్ గెలిచారు. అది అందరికీ కుదిరే పని కాదు.

కాబట్టి నన్ను అడిగితే, పోయిన ఏడాది పది మ్యాచ్‌లు గెలిచి క్వార్టర్‌బ్యాక్ ఒక్కటే లోటుగా ఉన్న జట్టు పైకెళ్లాలి, ధర ఎక్కువైనా. ఐదారు చోట్ల ఖాళీలున్న జట్టు వచ్చే ఏడాది ఫస్ట్ రౌండ్ పిక్‌ను ముట్టుకోకూడదు, ఎంత మెరిసే కుర్రాడు కనిపించినా. మధ్యలో ఉన్నవాళ్లలో ఎక్కువమందికి నేను ఉంచుకోమనే చెబుతాను.

మా బ్యాచ్‌లో కౌబాయ్స్ అభిమానులకు నేను ప్రతిసారీ 2016 గుర్తుచేస్తాను. ఆ ఏడాది డాలస్ పైకెళ్లి క్వార్టర్‌బ్యాక్ ప్యాక్స్‌టన్ లించ్‌ను తీసుకోవాలని ప్రయత్నించింది. డెన్వర్ ముందుగా 26కి వచ్చి తీసుకెళ్లిపోయింది. ఇంకొంచెం ఇచ్చి ఉండాల్సిందని జెర్రీ జోన్స్ బాహాటంగానే బాధపడ్డాడు. లించ్ డెన్వర్‌కు నాలుగు మ్యాచ్‌లు స్టార్ట్ చేశాడు. డాలస్ తన చేతిలో మిగిలిన 135వ పిక్‌తో క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్‌ను తీసుకుంది, ఆ సీజన్ 13-3.