చంద్రుడి మీదకి మళ్ళీ మనుషులు: సర్కారు రాకెట్టా, కంపెనీ రాకెట్టా?

మనుషులు మొదటిసారి చంద్రుడి మీద దిగిన అపోలో రోజుల్లో కూడా రాకెట్లని చాలావరకు నాసా సొంతంగా ఏం కట్టుకోలేదు, సాటర్న్ 5 ని బోయింగ్, నార్త్ అమెరికన్, డగ్లస్ కట్టాయి, చంద్రుడి మీద దిగిన మాడ్యూల్ గ్రమ్మన్ వాళ్ళది. అందుకే సర్కారా ప్రైవేటా అని కొట్టుకోవడం నాకు కొంచెం వింతగా ఉంటుంది, అసలు తేడా అంతా ఖర్చు పెరిగితే బిల్లు ఎవరి నెత్తిన పడుతుందన్న దాంట్లో ఉంది.

పాత పద్ధతిలో అయిన ఖర్చంతా నాసా ఇస్తుంది, పైన కొంత లాభం కూడా. మరి త్వరగా పూర్తి చెయ్యాలన్న తొందర ఎవరికుంటుంది చెప్పండి? నాసా ఇలా కట్టించిన పెద్ద రాకెట్ ఎస్‌ఎల్‌ఎస్‌కి 2010లో చట్టం చేశారు, 2016 చివరికల్లా రెడీ అవ్వాలన్నారు, తీరా ఎగిరింది 2022 నవంబర్ 16న. పాత స్పేస్ షటిల్‌లో మళ్ళీ మళ్ళీ వాడిన ఇంజిన్లనే తెచ్చి ఇప్పుడు ప్రతిసారీ నాలుగేసి సముద్రంలో పారేస్తున్నారు, ఇది మాత్రం నాకు అస్సలు మింగుడు పడదు. మొదటి నాలుగు ప్రయాణాలకి, మనుషులు కూర్చునే ఓరియన్ నౌకతో కలిపి, ఒక్కోదానికి 410 కోట్ల డాలర్లవుతుందని నాసా లెక్కల్ని తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ జనరలే లెక్క తేల్చాడు. కానీ ఒకటి ఒప్పుకోవాలి, ఎస్‌ఎల్‌ఎస్ ఎగిరిన మొదటిసారే ఓరియన్ చంద్రుడి దాకా వెళ్ళి తిరిగొచ్చింది, వేడి నుంచి కాపాడే హీట్ షీల్డ్ అక్కడక్కడా పెచ్చులూడినా సరే.

కంపెనీల పద్ధతిలో రేటు ముందే ఫిక్స్. మనుషుల్ని చంద్రుడి మీద దింపే లాండర్‌కి స్పేస్‌ఎక్స్‌తో 2021లో 289 కోట్ల డాలర్లకి, బ్లూ ఆరిజిన్‌తో 2023లో 340 కోట్లకి ఒప్పందమైంది, అంతకు మించితే వాళ్ళ జేబులోంచే. చవకే, కాదనను, కాకపోతే స్పేస్‌ఎక్స్ వాళ్ళ లాండర్ స్టార్‌షిప్ చంద్రుడి దాకా పోవాలంటే ముందు భూకక్ష్యలో ట్యాంకర్లు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఇంధనం నింపాలి, డేట్లు జరిగిపోవడంలో వీళ్ళూ ఏం తక్కువ తినలేదు. కంపెనీలు పంపిన, మనుషుల్లేని చిన్న లాండర్ల సంగతి చూడండి, 2024లో పెరెగ్రిన్ అసలు చేరనే లేదు, ఒడిస్సియస్ దిగింది గానీ పక్కకి ఒరిగిపోయింది, 2025 మార్చి 2న బ్లూ గోస్ట్ నిటారుగా దిగింది, నాలుగు రోజులకే ఎథీనా మళ్ళీ పక్కకి పడిపోయింది. సామాన్లకైతే ఈ లెక్క ఫర్లేదు, మనుషులు లోపల కూర్చున్నప్పుడు కుదరదు.

ఇంకో చిక్కుంది. స్పేస్‌ఎక్స్ వాళ్ళ ఫాల్కన్ 9 రాకెట్ నిలదొక్కుకుందంటే శాటిలైట్లు పంపించుకునే బయట గిరాకీ కూడా ఉంది కాబట్టి, చంద్రుడి దగ్గర మనుషుల్ని దింపమని డబ్బులిచ్చే పెద్ద గిరాకీ ఇప్పటికి నాసా ఒక్కటే. అపోలో 18, 19, 20 బడ్జెట్ కోతల్లోనే పోయాయి, రేపు అలాంటి కోతే పడితే కంపెనీ లాండర్‌కి మాత్రం ఎవరిస్తారు?

నన్నడిగితే సామాన్లు కళ్ళు మూసుకుని కంపెనీలకి ఇచ్చెయ్యొచ్చు. మనుషుల లాండర్ కూడా ఫిక్స్‌డ్ రేటుకే ఇవ్వాలి, కానీ ఒక్కళ్ళకి కాదు ఇద్దరికి, పైగా మనుషులు లేకుండా దిగి చూపించాకే ఎక్కనివ్వాలి, ఆ సంతకం నాసా చేతిలోనే ఉండాలి. ఎస్‌ఎల్‌ఎస్ అంటారా, ఓరియన్‌ని మోసే ఇంకో రాకెట్ దొరికేదాకా భరించడమే.