స్లాష్ సిస్‌తో ఏడేళ్లు: ప్రాసెసర్ లెక్కలు కెర్నల్ నోట వింటే

లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ప్రాసెసర్ ఎలా అమరి ఉందో చెప్పే ఫైళ్ల మీద ఈ సమీక్ష. ఆ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామే కెర్నల్. అది తనకు తెలిసిన హార్డ్‌వేర్ వివరాలను స్లాష్ సిస్ (/sys) అనే ఫోల్డర్‌లో ఫైళ్లుగా చూపిస్తుంది. ప్రతి సీపీయూకీ దాని కింద 'టోపాలజీ', అంటే అమరిక, అని ఒక ఫోల్డర్ ఉంటుంది. ఏడేళ్లుగా వారానికి ఒకసారైనా అందులోకి తొంగి చూస్తున్నాను. మాది విశాఖలో చిన్న పని. ద్వారకానగర్ కోచింగ్ సెంటర్ల పాఠాల వీడియోలను రాత్రికి రాత్రే మూడు సైజుల్లోకి మార్చి, పొద్దున ఏడింటికల్లా అప్పగించాలి.

నాకు ఈ ఫోల్డర్ అలవాటు కావడానికి కారణం నా తెలివితక్కువతనమే. ప్రాసెసర్‌లో అసలు పని చేసే ముక్క కోర్. చాలా ప్రాసెసర్లలో ఒక్కో కోర్ రెండు థ్రెడ్లను, అంటే రెండు పనులను, కలిపి నడుపుతుంది. లినక్స్ ఒక్కో థ్రెడ్‌నీ ఒక సీపీయూగా లెక్కేసి అంకె ఇస్తుంది. అంతకుముందు అద్దెకు తీసుకున్న క్లౌడ్ మెషీన్‌లో సీపీయూ 0, 1 ఒకే కోర్‌కి చెందిన జంట. 2, 3 ఇంకో జంట. జంట అంటే ఒకే పొయ్యి మీద వండుకునే తోడికోడళ్లు అనుకోండి. మనుషులు ఇద్దరున్నా పొయ్యి ఒక్కటే. తర్వాత సొంతంగా రైజెన్ 5 3600 కొన్నాం. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. పాత లెక్క మీదే ఆరు ఎన్‌కోడర్లను (వీడియోల సైజు మార్చే ప్రోగ్రాములను) 0, 2, 4, 6, 8, 10 మీద టాస్క్‌సెట్‌తో, అంటే ఏ పని ఏ సీపీయూ మీద నడవాలో చెప్పే కమాండ్‌తో, కట్టేశాను. కోర్‌కి ఒకటి చొప్పున పంచేశానని మురిసిపోయాను.

ఏ సీపీయూ ఎంత పనిలో ఉందో గీతలతో చూపే హెచ్‌టాప్‌లో ఆరు గీతలు నిండుగా, ఆరు ఖాళీగా. చూడ్డానికి అంతా సవ్యంగానే ఉంది. పని మాత్రం పొద్దున పదయినా తెమల్లేదు. ఫోన్లు, టెన్షన్. మాతో పనిచేసే గాజువాక కుర్రాడు రెండు రోజులు చూసి అన్నాడు: "ఏటన్నా, నువ్వు ముట్టుకోకపోతేనే బేగి అయిపోతంది!"

నిజమే. ఆ మెషీన్‌లో 'థ్రెడ్ సిబ్లింగ్స్ లిస్ట్' ఫైల్ తెరిస్తే సీపీయూ 0కి జంట 6 అని ఉంది. 2కి 8, 4కి 10. అంటే నేను మూడు కోర్ల మీద ఇద్దరిద్దరిని ఎక్కించి, మిగతా మూడింటిని ఊరికే కూర్చోబెట్టాను. వదిలేసి ఉంటే కెర్నల్ తనంతట తానే ఖాళీ కోర్లు వెతికి పంచేది. 0 నుంచి 5 వరకు అని మార్చాక పని వేళకు ముగిసింది.

ఈ ఫైళ్లలో నాకు నచ్చేది ఇదే. ఏ సాఫ్ట్‌వేరూ వేయక్కర్లేదు, ఫైల్‌లో ఉన్నది చూపే క్యాట్ కమాండ్ కొడితే చాలు. ఒక ఫైల్‌లో ఒకే జవాబు. స్లాష్ ప్రాక్ అనే ఇంకో ఫోల్డర్‌లోని సీపీయూ ఇన్ఫో ఫైల్ అలా కాదు. పేజీలకొద్దీ వస్తుంది, ఇంటెల్ మీద ఒకలా, ఆర్మ్ (ఫోన్లలో ఎక్కువగా వాడే రకం ప్రాసెసర్) మీద మరోలా ఉంటుంది. దాని కోసం రాసిన స్క్రిప్ట్ ఆర్మ్ బోర్డు మీద నాకు బోర్లా పడింది.

క్యాష్ ఫోల్డర్ ఇంకా మంచిది. క్యాష్ అంటే ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన చిన్న మెమరీ. 3600లో కోర్లు పంచుకునే ఎల్3 క్యాష్ మొత్తం 32 ఎంబీ అంటారు కానీ, అది 16 చొప్పున రెండు ముక్కలు. 'షేర్డ్ సీపీయూ లిస్ట్' చూస్తే 0-2, 6-8 ఒక ముక్కకి, 3-5, 9-11 ఇంకోదానికి అని తెలిసిపోతుంది. ఒకే వీడియో మీద పనిచేసే మూడు థ్రెడ్లను ఒకే ముక్కలో ఉంచడం అప్పుడే నేర్చుకున్నాను.

ఇక పేర్ల సంగతి. 'కోర్ సిబ్లింగ్స్' అంటే ఒకే కోర్‌లోని వాళ్లని ఎవరైనా అనుకుంటారు. కాదు, ఒకే చిప్ ప్యాకేజీలో ఉన్న అందరూ! 2019లో డై (ప్యాకేజీ లోపలి సిలికాన్ ముక్క) అనే ఇంకో మెట్టు చేరినప్పుడు 'కోర్ సీపీయూస్', 'ప్యాకేజ్ సీపీయూస్' అని తిన్నని పేర్లు పెట్టారు. పాతవి తీసేస్తే జనాల స్క్రిప్టులు విరుగుతాయని వాటినీ ఉంచారు. 'కోర్ ఐడీ' కూడా అంతే. రెండు సాకెట్ల, అంటే రెండు ప్రాసెసర్ చిప్పులు అమర్చిన, సర్వర్‌లో ఒకే ఐడీ రెండుసార్లు వస్తుంది, ఎ బ్లాక్‌లోనూ బి బ్లాక్‌లోనూ 101 ఫ్లాట్ ఉన్నట్టు. ప్యాకేజ్ ఐడీతో కలిపి చదవాలి. మధ్యలో అంకెలు ఎగిరిపోవడం కూడా మామూలే.

ఇంకొకటి, కెర్నల్ చెప్పేది అది విన్నదే. ఇంటెల్, ఏఎమ్‌డీ మీద ప్రాసెసర్‌నే సీపీయూఐడీ అనే ఆదేశంతో అడుగుతుంది. ఆర్మ్ మీద ఫర్మ్‌వేర్ ఇచ్చిన పట్టికలు చూస్తుంది. వర్చువల్ మెషీన్‌లో, దాన్ని నడిపే హైపర్‌వైజర్ అనే ప్రోగ్రామ్ ఏది చెబితే అదే. నాలుగు సాకెట్లు, సాకెట్‌కి ఒక కోర్ అన్న లెక్క అద్దె మెషీన్లలో చాలాసార్లు చూశాను. అలాంటి చోట ఈ ఫైళ్లను నమ్మి ఏదీ కట్టను. కంటెయినర్లలో, అంటే ప్రోగ్రాములను విడిగా బిగించి నడిపే డబ్బాల్లో, ఇంకో తిరకాసు. రెండు సీపీయూల కోటా పెట్టినా ఇక్కడ పన్నెండూ కనిపిస్తాయి. అసలు కోటా సీగ్రూప్ (కెర్నల్ వాడకానికి హద్దులు పెట్టే ఏర్పాటు)లోని 'సీపీయూ మ్యాక్స్' ఫైల్‌లో ఉంటుంది.

జంటలు అసలే వద్దనుకుంటే ఎస్‌ఎంటీ (ఒక కోర్ రెండు థ్రెడ్లు నడిపే పద్ధతి పేరు) ఫోల్డర్‌లోని 'కంట్రోల్' ఫైల్‌లో ఆఫ్ అని రాస్తే చాలు, రీబూట్ అక్కర్లేదు. వేసవి రాత్రుల్లో ఏసీ లేని గదిలో ఒకటి రెండుసార్లు ప్రయత్నించాను, పెద్దగా చల్లబడలేదు. పైగా ఆఫ్ అయిన సీపీయూల టోపాలజీ ఫోల్డర్ మాయమైపోతుంది. అది తెలియక నా స్క్రిప్ట్ మధ్యలో ఆగింది.

ఒక్క చూపులో మొత్తం కావాలంటే ఎల్‌ఎస్‌సీపీయూ కమాండ్‌కి మైనస్ ఇ (-e) తగిలించండి, పట్టిక వస్తుంది. బొమ్మ కావాలంటే ఫ్రాన్స్‌లోని ఇన్రియా పరిశోధన సంస్థలో మొదలైన హెచ్‌డబ్ల్యూలాక్ ప్రాజెక్టు వారి ఎల్‌ఎస్‌టోపో ఉంది. కుర్రాడికి నేర్పింది ఆ బొమ్మతోనే.

నిరుడు ఇంటెల్ 12700 ప్రాసెసర్ మెషీన్ వచ్చింది. పెద్ద కోర్లు ఎనిమిది, చిన్నవి నాలుగు, మొత్తం ఇరవై థ్రెడ్లు. ఇందులో మళ్లీ 0, 1 జంట. 16 నుంచి 19 చిన్నవి, వాటికి జంటలు లేవు. ఏది పెద్దదో ఏది చిన్నదో టోపాలజీ ఫోల్డర్ చెప్పదు. దాని కోసం వేరే చోట 'సీపీయూ కోర్', 'సీపీయూ యాటమ్' అనే ఫోల్డర్లకు వెళ్లాలి. అన్నీ ఒకే చోట పెడితే ఏం పోయేదో! ఈ రెండు మెషీన్ల జంటల పట్టికలూ రాసి క్యాబినెట్ మీద అంటించాం. టాస్క్‌సెట్ కొట్టే ముందు కుర్రాడు ఆ కాగితం చూస్తాడు, నన్ను అడగడు.