పావులు వాటంతటవే కదిలే చెస్ బోర్డు: చాలాకాలం వాడాక తేలిన సంగతులు

ఈ బోర్డులు కొనబోయేవాళ్లు ముందుగా అడిగేది, ఇందులో కంప్యూటర్ ఎంత రేటింగుతో ఆడుతుందని. దాని గురించి బెంగ అక్కర్లేదు. ఫోన్‌లో ఉచితంగా దొరికే స్టాక్‌ఫిష్ అనే చెస్ ప్రోగ్రామ్ ఏ గ్రాండ్‌మాస్టర్‌నైనా ఓడిస్తుంది. చూడాల్సింది గడి వెడల్పు, పావు అడుగుభాగం వ్యాసం, పైపలక మందం. బోర్డు సాఫీగా నడుస్తుందా, రోజూ విసిగిస్తుందా అన్నది చాలావరకు ఈ మూడింటి మీదే ఉంటుంది.

పైపలక కింద రెండు స్టెప్పర్ మోటార్లు, పళ్ల బెల్టులు, వాటి సాయంతో నిలువుగా, అడ్డంగా తిరిగే ఒక విద్యుదయస్కాంతం ఉంటాయి. అది పావు కిందికి వచ్చి, పట్టుకుని, లాక్కెళ్లి, వదిలేస్తుంది. ఆలోచన పాతదే. స్పెయిన్ ఇంజినీరు టోరెస్ కెవెడో మార్గదర్శకత్వంలో ఆయన కొడుకు గొంజాలో 1920లో చేసిన రెండో చదరంగ యంత్రం కింద అయస్కాంతాలతోనే పావుల్ని జరిపింది. 1983లో మిల్టన్ బ్రాడ్లీ కంపెనీ గ్రాండ్‌మాస్టర్ పేరుతో ఇళ్లలో వాడుకునే బోర్డు తెచ్చింది. ముంబయికి చెందిన ఇన్ఫివెన్షన్ కంపెనీ 2016లో స్క్వేర్ ఆఫ్ అనే బోర్డును, జనం నుంచి నిధులు సేకరించే కిక్‌స్టార్టర్ సైటులో పెట్టింది. ఇప్పుడు ఒక్కో పావులోనే మోటారు, చక్రాలు ఉన్న చెస్‌నట్ మూవ్ లాంటివీ వచ్చాయి. వాటిలో పావులన్నీ ఒకేసారి కదలగలవు, కానీ ప్రతి పావుకూ ఛార్జింగ్ కావాలి. నేను రాస్తున్నది కింద అయస్కాంతం తిరిగే రకం గురించే.

గుర్రం జి1 నుంచి ఎఫ్3కి రావాలంటే బంట్ల మధ్య నుంచి దూరి రావాలి. దానికి పైకి ఎగరడం రాదు కాబట్టి గడుల మధ్య గీత మీదుగా జారుతుంది. గడి 5 సెంటీమీటర్లు, పావు అడుగు 2.5 సెంటీమీటర్లు అనుకుంటే, పక్కపక్క గడుల్లో ఉన్న రెండు పావుల మధ్య మిగిలే సందు సరిగ్గా 2.5. అంటే రాసుకుంటూ పోవాల్సిందే. అడుగు 2.2 అయితే సందు 2.8 అవుతుంది, ఒక్కో వైపు 3 మిల్లీమీటర్ల ఖాళీ దొరుకుతుంది. ఇక ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే సిఫారసు చేసే పావుల్లో రాజు ఎత్తు సుమారు 9.5 సెంటీమీటర్లు, అడుగు అందులో 40 నుంచి 50 శాతం. ఆ పావులు ఇలాంటి సందుల్లో పట్టవు. అందుకే ఈ బోర్డులతో వచ్చే పావులు సన్నగా, పొట్టిగా ఉంటాయి. టోర్నమెంట్ పావులు అలవాటైన చేతికి మొదట్లో తేలిగ్గా అనిపిస్తాయి. వేరే సెట్టు కొని వాడదామనుకుంటే అడుగు వ్యాసం గడిలో సగం కంటే తక్కువే ఉండాలి.

వేగం సంగతి సూటిగా చెప్పాలి. మామూలు ఎత్తుకు, అంటే ఒక పావు కదలికకు, కొన్ని సెకన్లు చాలు. పావును చంపే ఎత్తుకు రెండు ప్రయాణాలు: చచ్చిన పావును మొదట అంచుకు లాగి, తర్వాత చంపిన పావును తేవాలి. రాజు, ఏనుగు ఒకే ఎత్తులో కదిలే క్యాస్లింగ్‌లో రాజు కదిలాక, ఏనుగు గీత మీదకు వచ్చి రాజును చుట్టి ఎఫ్1కి చేరాలి. ఆన్‌లైన్‌లో ఎదుటివారి ఎత్తు సర్వర్‌కు చేరగానే మన గడియారం మొదలవుతుంది, బోర్డు ఆ పావును జరిపేదాకా ఆగదు. సగటున 7 సెకన్లు పట్టినా 40 ఎత్తులకు 280 సెకన్లు. 10+0 ఆటలో (ఒక్కొక్కరికి 10 నిమిషాలు, ఎత్తుకు అదనపు సెకన్లు లేవు) దాదాపు సగం సమయం మోటార్లకే పోతుంది. 15+10 నుంచి హాయిగా ఉంటుంది, 30+20 అయితే ఇంకా మేలు. కొద్ది నిమిషాల్లో ముగిసే బ్లిట్జ్ ఆటల కోసమైతే ఈ బోర్డు కొనవద్దు.

గడి కింద ఉండే సెన్సార్ చాలా బోర్డుల్లో "ఇక్కడ పావు ఉంది, లేదు" అని మాత్రమే చెబుతుంది. అది ఏ పావు అన్నది బోర్డే మొదటి స్థితి నుంచి లెక్క కట్టుకుంటూ వస్తుంది. కాబట్టి మన చేతి అలవాటు కొంచెం మారాలి. చంపేటప్పుడు ఎదుటి పావును ముందు తీసి పక్కన పెట్టి, తర్వాత మన పావును ఎత్తాలి. క్యాస్లింగ్‌లో రాజును ముందు జరపాలి. రెండు గడులు జరిగి పక్కకు వచ్చిన బంటును, అది దాటిన గడిలోకి వెళ్లి చంపే ఎన్ పాసాంలో చచ్చిన బంటును తీయడం మరిచిపోతే బోర్డు అక్కడే ఆగిపోతుంది. బంటు చివరి వరుస చేరితే మంత్రి అనే అనుకుంటుంది. గుర్రం కావాలంటే ముందే యాప్‌లో ఎంచుకోవాలి.

ఇక ఎక్కువగా వచ్చే ఇబ్బంది, పావు దారిలో జారిపోవడం. అయస్కాంతానికీ పావుకూ మధ్య దూరం ఒక్క మిల్లీమీటరు పెరిగినా పట్టు బాగా పడిపోతుంది. అడుగున అంటించిన గుడ్డ దుమ్ము పట్టి ఉబ్బినా, వానాకాలం తేమకు చెక్క పలక కాస్త పైకి లేచినా ఇదే జరుగుతుంది. పలక మీద స్కేలు నిలబెట్టి, కింద వెలుతురు కనిపిస్తోందేమో చూడండి. అంచుల దగ్గర కనిపిస్తే నడుమ పలక లేచినట్టే. గుడ్డ మార్చాల్సి వస్తే పాతదాని కంటే మందమైనది వేయకండి. పలకను పొడి నూలు గుడ్డతో తుడిస్తే చాలు.

పావు లోపలి అయస్కాంతం ఊడితే రెండు భాగాల అరల్డైట్‌తో అంటించాలి. చిటికెలో అతుక్కునే జిగురు పెళుసుగా ఆరి, పావు కింద పడ్డప్పుడు మళ్లీ ఊడుతుంది. అంటించే ముందు ధ్రువం చూసుకోవడం తప్పనిసరి. అదే రంగు బంటు అడుగుకు ఊడిన అయస్కాంతాన్ని చూపించండి. ఏ ముఖాన్ని అది నెట్టేస్తుందో ఆ ముఖమే కిందికి రావాలి. తిరగేసి అంటిస్తే ఆ పావు లాగినా రాదు.

పావులన్నిటికీ ఒకే ధ్రువం కిందికి ఉండటం వల్ల ఇంకో చిక్కుంది. పక్కనుంచి వెళ్లే పావు దారిలో ఉన్నవాటిని కొంచెం కొంచెం నెడుతుంది. మిడిల్‌గేమ్‌కు వచ్చేసరికి కొన్ని బంట్లు గడి మధ్య నుంచి తప్పుకుంటాయి. ఆ 3 మిల్లీమీటర్ల ఖాళీ కరిగిపోయి తర్వాత వచ్చే గుర్రం ఢీకొంటుంది. మన వంతులో వేలితో మెల్లగా మధ్యకు జరపాలి. ఎత్తితే మాత్రం సెన్సార్ దాన్ని ఎత్తుగా లెక్కేస్తుంది.

పావులు అన్ని గడుల్లోనూ ఒకే వైపు, ఒకే కొలతతో తప్పి ఆగుతుంటే బెల్టు ఒక పన్ను జారిందన్నమాట. ఆపి మళ్లీ ఆన్ చేస్తే అయస్కాంతం మూలకు వెళ్లి, అక్కడి స్విచ్ తాకి లెక్క సరిచేసుకుంటుంది. ఎడమ నుంచి వచ్చినప్పుడు ఒకలా, కుడి నుంచి వచ్చినప్పుడు ఇంకోలా ఆగుతుంటే బెల్టు వదులైంది. దాన్ని బిగించాల్సిందే. గాజు బల్ల మీద మోటార్ల శబ్దం గదంతా వినిపిస్తుంది, కింద మందపాటి రబ్బరు షీటు పరిస్తే చాలావరకు తగ్గుతుంది.

నాకు ఈ బోర్డు విలువైనదిగా కనిపించేది పాత ఆటలు చూసేటప్పుడు. ఆటలోని ఎత్తులన్నీ రాసి ఉండే పీజీఎన్ ఫైలు ఇస్తే కోనేరు హంపి రాపిడ్ ఆటనో, హరికృష్ణ ఎండ్‌గేమ్‌నో బోర్డే ఆడి చూపిస్తుంది. పావు గీత మీదుగా జారి వెళ్లే ఆ కొన్ని సెకన్లలో తర్వాతి ఎత్తు ఏమిటో ఊహించే వ్యవధి దొరుకుతుంది. స్క్రీన్ మీద బాణం గుర్తు నొక్కుతూ పోతే అది దొరకదు. పోటీలకు తయారయ్యే పిల్లలకు మాత్రం దీనితోపాటు మామూలు టోర్నమెంట్ సెట్టు, గడియారం కూడా ఉండాలి.

ఆండ్రాయిడ్‌లో ఆట మధ్యలో బ్లూటూత్ తెగుతుంటే యాప్‌కు బ్యాటరీ ఆప్టిమైజేషన్ తీసేయండి. కొనేముందు దుకాణంలోనే ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, బ్లూటూత్ మాత్రం ఆన్ చేసి ఒక ఆట మొదలుపెట్టి చూడండి. అలా నడవకపోతే, కంపెనీ సర్వర్ ఆగిన రోజున బోర్డు కూడా ఆగిపోతుంది. విడి పావులు, బెల్టు, ఛార్జర్ విడిగా అమ్ముతారో లేదో కూడా అప్పుడే అడగండి.